పైన డ్రైవర్, కింద కండక్టర్

ఆ ఉదయం ఆ ఇంట్లో జరగాల్సిన పని చాలా చిన్నది. మంచం కాళ్ళ కింద నాలుగు చెక్క దిమ్మలు పెట్టాలి, అంతే. ఇంకో పదిహేను రోజుల్లో కండక్టరమ్మకు మోకాలి ఆపరేషన్. ఆ తర్వాత కొన్నాళ్ళు మంచం ఎత్తుగా ఉండాలనీ, కిందికి కూర్చుని లేస్తే కొత్త కీలు మీద భారం పడుతుందనీ ఆసుపత్రివాళ్ళు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. అందుకని మందుల షాపులో పనిచేసే కూతురు సెలవు పెట్టుకుని, వడ్రంగి చేత దిమ్మలు కోయించుకుని, పొద్దున్నే పుట్టింటికి వచ్చింది.

కండక్టరమ్మ అంటే ఆవిడేమీ బస్సెక్కి టికెట్లు కొట్టలేదు. ముప్ఫై ఏళ్ళు టికెట్లు కొట్టింది ఆవిడ భర్త. ఆయన కండక్టర్ కాబట్టి వీధి వీధంతా ఆవిడకు ఆ పేరు పెట్టేసింది. ఒకప్పుడు ఆవిడ నడక చూసి ఆయన "మా ఎక్స్‌ప్రెస్" అని మురిసిపోయేవాడు. మూడేళ్ళుగా "ఆర్డినరీ" అంటున్నాడు. గోడ, కుర్చీ, తలుపు, ఏ స్టాపూ వదలకుండా పట్టుకుని ఆగి ఆగి నడుస్తోందని ఆయన హాస్యం. ఆవిడ కూడా నవ్వేది. నవ్వకపోతే ఏడుపొచ్చేది మరి.

"నాన్నేడమ్మా? ఈ మంచం నా ఒక్కదానివల్ల కాదు" అంది కూతురు.

"పాల ప్యాకెట్లకని వెళ్ళారు. ఆయనకి దారిలో తెలిసినవాళ్ళు కనిపిస్తే ఆ పాలు పెరుగైపోయాకే ఇంటికొచ్చేది. నువ్వు కాస్త లాగి చూడవే."

కూతురు లాగింది. మంచం కదల్లేదు. రెండోవైపు వెళ్ళి తోసింది. అప్పుడూ కదల్లేదు. కిందేదో అడ్డుపడుతోందని వంగి, నేల దాకా వేలాడుతున్న దుప్పటి పైకెత్తి చూసింది. అలా వంగి అలాగే ఉండిపోయింది.

"ఏమైందే? బొద్దింకా?"

"అమ్మా, నువ్వోసారి కూర్చో."

మంచం కింద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అట్టపెట్టెలు. ఒకదాని మీద ఒకటి, మధ్యలో వేలు పట్టే సందు కూడా లేకుండా పేర్చి ఉన్నాయి. టికెట్ల కట్టలు సర్దిన చేతులకే వస్తుంది అంత పొందిక. కూతురు ఒక్కొక్కటే బయటికి లాగింది. సబ్బులు, పేస్టులు, గచ్చు కడిగే నీళ్ళు, బలానికి పొడి, మోకాళ్ళ నూనె. తర్వాత అనుమానమొచ్చి పక్కగదిలో చూసింది. బీరువా వెనక, అటక మీద పరుపుచుట్టల చాటున, కుట్టుమిషన్ కింద కూడా అవే పెట్టెలు.

కండక్టరమ్మ కూర్చున్నచోటి నుంచే పెట్టెలు లెక్కపెట్టింది. భర్తా, ఆయన స్నేహితుడూ కలిసి ఏడాదిన్నరగా ఏదో కంపెనీ సరుకు అమ్ముతున్నారని ఆవిడకు తెలుసు. అప్పుడప్పుడూ ఒకటో రెండో పెట్టెలు హాల్లో కనిపించేవి, మర్నాటికి మాయమయ్యేవి. అమ్ముడుపోయాయనుకుంది. మంచం కింద వంగి చూసే మోకాలు ఆవిడకు లేదు. పైగా, "నువ్వు వంగొద్దు, ఇల్లు నేను ఊడుస్తాను" అని ఆయన చీపురు తీసుకుని ఏడాది దాటింది. ఆ సంగతి వీధిలో ఎంతమందికి గొప్పగా చెప్పుకుందో గుర్తొచ్చి ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

సరిగ్గా అప్పుడే పాల ప్యాకెట్లతో కండక్టర్ లోపలికొచ్చాడు. గది నిండా పెట్టెలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇదా... ఇది స్టాకు" అన్నాడు, ఎవరూ అడక్కముందే.

కూతురు మోకాళ్ళ నూనె డబ్బా ఒకటి తీసి వెలుతురు వైపు తిప్పింది. "గడువు తీరి రెండు నెలలైంది నాన్నా. ఈ పొడికి ఇంకో వారం. అమ్మాల్సిన సరుకైతే ఇన్నాళ్ళు మంచం కింద ఎందుకుంది?"

"అమ్ముదామనే. కొంచెం ఆలస్యమైంది."

"ఎవరు కొన్నారు ఇదంతా?"

ఆయన పాల ప్యాకెట్లు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నిండు బస్సులో ఎనభైమంది మధ్య నిలబడి, "జరగండి బాబూ జరగండి, లోపల బోలెడంత చోటుంది" అని లేని చోటును చూపించగలిగిన మనిషి, సొంత కూతురు ముందు నీళ్ళు నమిలాడు.

"నేనే" అన్నాడు చివరికి.

కండక్టరమ్మ ఆయన వైపు తిరిగింది. "ఏ డబ్బుతో కొన్నారండీ?"

ఆయన పాల ప్యాకెట్లు కింద పెట్టాడు.

"ఆసుపత్రికి కట్టేశానన్నారుగా?"

"తేదీ రాయించాను."

"డబ్బు కట్టారా అని అడుగుతున్నాను."

"లేదు" అన్నాడాయన. అని, ఆ పెట్టెల్లోనే ఒకదాని మీద కూలబడ్డాడు.

రిటైరైనప్పుడు వచ్చిన దాంట్లో ఆవిడ మోకాలికని పక్కన పెట్టింది ఆయనే. "ఇది ముట్టుకుంటే నా చెయ్యి విరిగినట్టే" అన్నది కూడా ఆయనే. ఆవిడ ఆ మాట నమ్ముకుని రెండు చలికాలాలు పళ్ళు బిగబట్టి గడిపింది. ఇప్పుడు ఆ మోకాలంతా సబ్బులూ పేస్టులూ అయిపోయి గదిలో చెల్లాచెదురుగా పడి ఉంది. ఆవిడకు కోపం కంటే ముందు దుఃఖం వచ్చింది.

"ఎవరి కోసం కొన్నారండీ ఇవన్నీ? మనింట్లో వందమంది ఉన్నారా పళ్ళు తోముకోవడానికి?"

"గురువు కోసం" అన్నాడు.

గురువంటే డ్రైవర్. ఇద్దరూ ఇరవై రెండేళ్ళు ఒకే బస్సు నడిపారు. వెనక ఈయన బెల్లు కొడితే ముందు ఆయన కదిలేవాడు, మళ్ళీ కొడితే ఆగేవాడు. ఆ ఇరవై రెండేళ్ళలో డ్రైవర్ ఒక్కసారైనా వెనక్కి తిరిగి, అందరూ ఎక్కారా లేదా అని చూసుకోలేదు. చూసుకోవాల్సిన అవసరం ఈయన రానివ్వలేదు. ఒకే నెలలో ఇద్దరూ రిటైరయ్యారు.

ఆర్నెల్ల తర్వాత, ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వీళ్ళ బస్సెక్కి టికెట్లు లెక్కపెట్టి ప్రాణం తీసిన చెకింగ్ ఇన్‌స్పెక్టర్ ఒకాయన కోటూ టైతో, నోటి నిండా నవ్వుతో ప్రత్యక్షమయ్యాడు. కంపెనీ సరుకు తెలిసినవాళ్ళకు అమ్మాలట, ఆ తెలిసినవాళ్ళను కూడా చేర్పించాలట, ఇక కూర్చుని తినొచ్చట. స్నేహితులిద్దరూ "పార్టనర్లుగా చేరతాం" అన్నారు. మీటింగుల్లో అందరినీ పార్టనర్ పార్టనర్ అంటారు గానీ, ఫారం మీద పార్టనర్లకు చోటు లేదు. ఒకరి పేరు పైన, ఒకరి పేరు కింద రాయాలి.

"పైన ఎవరు?" అని ఇన్‌స్పెక్టర్ పెన్ను పట్టుకుని అడిగాడు.

"అన్న పేరు రాయండి" అన్నాడు డ్రైవర్.

"భలేవాడివే. బస్సులో ముందు సీటు ఎవరిది? డ్రైవర్ పేరే పైన రాయండి" అన్నాడు కండక్టర్.

నువ్వంటే నువ్వని ఇద్దరూ పది నిమిషాలు మర్యాదలు చేసుకున్నారు. చివరికి కండక్టర్ పెన్ను లాక్కుని తానే రాసేశాడు. పైనుంటే ఏమిటి, కిందుంటే ఏమిటి అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. కింద ఉన్నవాడు ఎంత సరుకు తీసుకుంటే పైవాడికి అన్ని పాయింట్లు. కిందివాడు ఆ నెల తీసుకోకపోతే పైవాడి హోదా జారిపోతుంది. ఈ సంగతి తెలిసేసరికి మూడు నెలలైంది.

ఆ మూడు నెలల్లో బంధువులూ, పాత డిపోవాళ్ళూ, వీధివాళ్ళూ మొహమాటానికి తలో సబ్బు కొని అయిపోయారు. తర్వాత కండక్టర్ కనిపిస్తే మనుషులు ముఖం చాటేయడం మొదలుపెట్టారు. ఆయన వస్తున్నాడని మంగలి సగం గడ్డంతో ఉన్న మనిషిని వదిలేసి వెనక గదిలోకి పోయాడట. ఇంత జరుగుతున్నా డ్రైవర్ హోదా మాత్రం నెలనెలా పెరుగుతూనే వచ్చింది. చొక్కాకు మొదట వెండి రంగు బిళ్ళ, తర్వాత బంగారు రంగు బిళ్ళ. ఎందుకు పెరగదు? కింద ఒకడున్నాడుగా, మంచం కింద పేర్చుకోవడానికి.

"పోనీ, డ్రైవర్ బాబాయికైనా బాగా వచ్చిందా?" అని అడిగింది కూతురు.

"వాడికొచ్చేది మోకాలి పట్టీ కొనడానికి కూడా చాలదు తల్లీ. మిగతాదంతా ఇంకా పైవాళ్ళకి."

"మరి ఎందుకు నాన్నా? ఆయనకి చెప్పి ఇద్దరూ మానేయొచ్చుగా?"

"చెప్పలేనమ్మా."

"ఎందుకు చెప్పలేరు?"

"చెప్పలేను. అంతే."

కండక్టరమ్మ గోడ పట్టుకుని లేచింది. చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. "మీరు చెప్పలేకపోతే నేను చెప్తాను."

ఆయన గబుక్కున లేచి అడ్డంగా నిలబడ్డాడు. "వద్దే. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"పట్టుకుని ఏం లాభం? అవి పనిచేయవుగా" అంది ఆవిడ. అంత కటువుగా ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ మాట్లాడలేదు. కూతురు కూడా ఉలిక్కిపడింది. ఆయన పక్కకు తప్పుకున్నాడు.

డ్రైవర్ ఇల్లు మూడు వీధుల అవతల. పైగా రెండో అంతస్తు, లిఫ్టు లేదు. తోడొస్తానన్న కూతుర్ని కండక్టరమ్మ కసిరింది. మెట్లు ఎక్కుతూ ఒక్కో మెట్టు మీదా అనాల్సిన మాట ఒకటి సిద్ధం చేసుకుంది. మా ఆయన మంచివాడు కాబట్టి ఇలా ఆడుకుంటారా. పైన కూర్చున్నవాడు కిందికోసారి చూడొద్దా. బిళ్ళ పెట్టుకున్న గుండెకి కాస్తయినా అనుమానం రాలేదా. పైకి చేరేసరికి ఆవిడ దగ్గర మాటలు బోలెడున్నాయి గానీ, చెప్పడానికి ఊపిరి లేదు.

తలుపు తీసిన డ్రైవరమ్మ కంగారుపడింది. "అయ్యో అక్కా! ఈ కాలితో మెట్లెక్కి వచ్చావా? కబురు చేస్తే నేనే వచ్చేదాన్నిగా. రా, కూర్చో."

లోపలి గదిలోంచి డ్రైవర్ గొంతు వినిపిస్తోంది. "సభకు నమస్కారం. నేను... నేను మాట్లాడటం చేతకాని మనిషిని. సభకు నమస్కారం..." అక్కడే ఆగి, దగ్గి, మళ్ళీ మొదటికి వస్తున్నాడు.

"ఈ ఆదివారం కంపెనీ మీటింగులో స్టేజీ ఎక్కాలట. తెల్లారినప్పటి నుంచి అద్దం ముందు అదే పని" అంది డ్రైవరమ్మ నవ్వుతూ, ఆవిడను వంటింట్లోకి తీసుకెళ్ళి స్టూలు వేసింది.

కండక్టరమ్మ కూర్చోలేదు. "చెల్లీ, నేను టీ తాగడానికి రాలేదు. మా మంచం కింద ఏముందో తెలుసా నీకు?"

డ్రైవరమ్మ చేతిలోని గిన్నె స్టవ్ మీద పెట్టింది. వెలిగించలేదు. "తెలుసక్కా" అంది.

కండక్టరమ్మ తెల్లబోయింది.

"మూడు నెలల క్రితం ఈయన ఫోన్లో చూశాను. కింద ఎవరెవరు ఎంత తీసుకున్నారో అందులో వస్తుంది. ప్రతి నెలా ఒకటే పేరు, బావగారిది. ఈయన కళ్ళజోడు పెట్టుకుని చూస్తే కదా. 'అన్న ఉన్నాడు, అన్న చూసుకుంటాడు' అంటాడు."

"తెలిసి ఊరుకున్నావా? నా మోకాలు అమ్మి మీ ఆయనకి బిళ్ళలు కొంటున్నారని తెలిసీ ఊరుకున్నావా?"

"మోకాలి డబ్బని తెలీదక్కా, నీ మీద ఒట్టు. అప్పు చేస్తున్నారేమో అనుకున్నాను. కానీ తెలిసినా చెప్పేదాన్నో లేదో..." డ్రైవరమ్మ చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు ఈయన్ని అప్పుడు చూడలేదు. రిటైరయ్యాక నాలుగింటికే లేచేవాడు. స్నానం చేసి, ఖాకీ చొక్కా వేసుకుని, ఆ గదిలో కుర్చీ గోడకేసి తిప్పుకుని కూర్చునేవాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా గోడనే చూస్తూ. కుడికాలు మాత్రం బ్రేకు తొక్కుతున్నట్టు నేల మీద అదుముతుండేది. పిలిస్తే పలికేవాడు కాదు. కంచం పెడితే రెండు ముద్దలు. నేను మాత్రలన్నీ దాచిపెట్టుకుని నిద్రపోయేదాన్నక్కా. ఏ పొద్దున్న ఏం చూడాల్సి వస్తుందోనని."

కండక్టరమ్మ గోడకు చేరగిలబడింది.

"ఒకరోజు బావగారు వచ్చి అలా చూసి, మాట్లాడకుండా వెళ్ళిపోయారు. వారం తిరక్కుండా ఇద్దరూ ఈ కంపెనీలో చేరారు. మొదటి బిళ్ళ వచ్చిన రోజు ఈయన అన్నం అడిగి పెట్టించుకున్నాడు. ఇప్పుడు రోజూ గడ్డం గీసుకుంటున్నాడు. నవ్వుతున్నాడు. నేనెలా చెప్పను? నన్ను తిట్టక్కా. కావాలంటే కొట్టు. కానీ చెప్పడం నావల్ల కాలేదు."

తిట్టాలనే వచ్చింది కండక్టరమ్మ. మెట్టుకొకటి చొప్పున సిద్ధం చేసుకున్న తిట్లన్నీ గొంతులోనే ఉన్నాయి. కానీ ఎదురుగా ఉన్నది కూడా తనలాగే రాత్రులు బిక్కుబిక్కుమంటూ గడిపిన ఆడది. ఆవిడ స్టూలు మీద కూలబడింది. ఎవరి మీద అరవాలో అర్థం కాలేదు. మోకాలు ఒకటే పోటు పెడుతోంది.

"వదినొచ్చిందా? గొంతు విన్నట్టుందే!" అంటూ డ్రైవర్ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. ఆరడుగుల మనిషి, నున్నగా గీసిన గడ్డం, ఇస్త్రీ చొక్కా మీద బంగారు రంగు బిళ్ళ. ఆవిడ ముఖం చూసి నొప్పి వల్లనే అలా ఉందనుకున్నాడు. "ఇంకెన్ని రోజుల్లే వదినా. పదిహేనే కదా. ఉండు, నీకొకటి చూపిస్తాను."

గబగబా లోపలికెళ్ళి మడతపెట్టిన కాగితం ఒకటి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. వంకరటింకర గీతలు, అక్కడక్కడా ఎర్ర పెన్నుతో గుండ్రాలు.

"ఏమిటిది మరిదీ?"

"ఆసుపత్రి నుంచి మీ ఇంటికి దారి. పెద్దరోడ్డున వస్తే తొమ్మిది స్పీడు బ్రేకర్లున్నాయి వదినా. కుట్లేసిన కాలు, ఒక్కోదానికీ ప్రాణం పోతుంది. మా మేనల్లుడి కారు అడిగి పెట్టాను. వాడి స్కూటర్ మీద నాలుగు రోజులు తిరిగి చూశాను. మిల్లు వెనక నుంచి వచ్చి, కాలవ గట్టున తిరిగితే రెండే రెండు. ఆ రెండూ కూడా ఎక్కడున్నాయో నాకు తెలుసు. నీకు కుదుపన్నదే తెలీకుండా తీసుకొస్తాను." ఆయన ఒక్క గుక్కలో ఇంత మాట్లాడటం ఆవిడ ఎప్పుడూ వినలేదు.

కండక్టరమ్మ ఆ కాగితం చూస్తూ ఉండిపోయింది. కాగితం మీద ఒక బొట్టు పడింది. ఎర్ర గుండ్రం ఒకటి అలుక్కుపోయింది.

"అదేంటి వదినా? భయమేస్తోందా? భయమెందుకు, నేనున్నాగా."

"ఆపరేషన్ లేదు మరిదీ" అందావిడ.

అనకూడదనే అప్పటికి నిర్ణయించుకుంది. ఆవిడ ఏడుపే ఆ మాటను బయటికి తోసేసింది. తర్వాత ఇక ఏదీ ఆగలేదు. మంచం, పెట్టెలు, గడువు తీరిన నూనె, కట్టని డబ్బు, అన్నీ ఏకరువు పెట్టేసింది. డ్రైవరమ్మ "అక్కా, అక్కా" అని చెయ్యి పట్టుకుని ఆపబోయింది గానీ అప్పటికే అంతా అయిపోయింది.

డ్రైవర్ ముఖంలో రక్తం లేదు. ఒక్కసారి భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. దానితో ఆమెకు కూడా తెలుసని ఆయనకు అర్థమైంది. చెప్పులు కూడా వేసుకోకుండా తలుపు తీసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"అక్కా, ఆయన ఎక్కడికి..." డ్రైవరమ్మ తలుపు దాకా పరుగెత్తింది.

"మా ఇంటికే. పద."

కండక్టరమ్మ జీవితంలో అంత పొడుగు దారి ఎప్పుడూ నడవలేదు. మెట్ల దగ్గరే మోకాలు పట్టేసింది. ఒక చెయ్యి రెయిలింగు మీద, ఒక చెయ్యి డ్రైవరమ్మ భుజం మీద వేసి పిల్లలా ఒక్కో మెట్టూ దిగింది. ముందు పరుగెత్తి వెళ్ళమంటే డ్రైవరమ్మ వినదు. వదిలేసి వెళ్ళలేకపోయింది, పట్టుకుని తొందరగా నడిపించలేకపోయింది. వీధిలో తెలిసినవాళ్ళు "ఏమైందమ్మా" అని అడుగుతుంటే ఇద్దరూ ఏవేవో చెప్పారు. కాళ్ళు ఎంత ఈడ్చినా వీధులు తరగలేదు. అక్కడ ఇద్దరు మగవాళ్ళ మధ్య ఏం జరుగుతోందో, నోరు జారి ఎంత పని చేశానో అని కండక్టరమ్మ దారంతా తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

ఇంటి గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. తల్లిని చూసి వేలు పెదవుల మీద పెట్టుకుంది.

లోపల పెట్టెల మధ్య డ్రైవర్ నిలబడి ఉన్నాడు. కండక్టర్ ఉదయం కూర్చున్న చోటే కూర్చుని ఉన్నాడు.

"ఇరవై రెండేళ్ళు నువ్వు బెల్లు కొడితే కదిలాను" అంటున్నాడు డ్రైవర్. "వెనక ఎవరైనా పడిపోయారేమో అని ఒక్కసారి కూడా చూళ్ళేదు. నువ్వున్నావు కాబట్టి. ఇప్పుడు నువ్వే పడిపోయి, రైట్ రైట్ అని నన్ను ముందుకి పంపిస్తావా? ఏ ముఖం పెట్టుకుని రేపు వదిన ముందు నిలబడను? కుంటుకుంటూ మా మెట్లెక్కి వచ్చింది. ఈ బిళ్ళ పెట్టుకుని నేను ఆమెకి ధైర్యం చెప్పాను. నాకెంత సిగ్గుగా ఉందో తెలుసా నీకు?"

"తప్పయింది గురూ."

"తిరిగి తీసుకుంటారా వీటిని?"

"ముప్ఫై రోజుల్లోపైతేనే. అడిగాను."

"ఇన్‌స్పెక్టర్‌ని?"

"ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు."

డ్రైవర్ ఒక పెట్టెను కాలితో నెట్టాడు. అది అంగుళం కదిలి ఆగింది. ఇక చేయగలిగింది ఏమీ లేదని గదిలో అందరికీ తెలిసిపోయింది.

"ఒక్క మాట చెప్పొచ్చు కదా నాతో. ఒకే ఒక్క మాట."

"చెబితే నువ్వు మళ్ళీ గోడకేసి కూర్చుంటావని భయమేసింది" అన్నాడు కండక్టర్.

"కూర్చుంటే కూర్చుంటాను! నువ్వొచ్చి నా పక్కన కూర్చోవాలి గానీ, పెట్టెలు కొంటావా అన్నా?"

కండక్టర్ తలెత్తాడు.

"వచ్చాను గురూ. ఆ రోజు పక్కన కూర్చుందామనే వచ్చాను. నిన్నలా చూశాక కాళ్ళాడలేదు. నీ పక్కన కూర్చుంటే ఇక నేనూ లేవనేమోనని భయమేసింది." ఆయన మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "మాట్లాడుతూ ఉంటాను కాబట్టి అందరూ నేను బాగున్నాననుకుంటారు. పాలకని వెళ్ళి గంటలకొద్దీ ఎందుకు తిరుగుతాననుకున్నావు? తిరిగి ఏ బస్టాపులోనో కూర్చుంటాను. ఎవరూ టికెట్ అడగరు. ఎవరికీ నాతో పనిలేదు. నీకు నెలనెలా హోదా తెప్పించడం ఒక్కటే నాకు మిగిలిన పని. ఆ పని పోతే... అది కూడా పోతే నేనేం చెయ్యను?"

డ్రైవర్ మెల్లగా వంగి, ఆ పెట్టెల మధ్యే, ఆయన పక్కన కూర్చున్నాడు. ఆరడుగుల మనిషికి చోటు చాలలేదు. భుజం భుజం ఒరుసుకున్నాయి.

గుమ్మంలో కండక్టరమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. పాలు పెరుగవుతాయని తాను వేళాకోళం చేసిన రోజులన్నీ ఆవిడ కళ్ళ ముందు తిరిగాయి. నొప్పి ఉన్నది తన ఒక్కదానికే అనుకుంది ఇన్నాళ్ళూ. ఆయన నవ్విస్తుంటే నవ్వింది గానీ, ఆయన ముఖంలోకి ఒక్కరోజు పరీక్షగా చూడలేదు. ఆయన చేసిన పనికి కడుపు మండుతూనే ఉంది. ఆ మంట ఇవాళో రేపో ఆరేది కాదు. కానీ ఆ మంటతో పాటే ఆయన మీద పట్టలేనంత జాలి ముంచుకొచ్చింది.

కూతురు బయటికెళ్ళి ఆసుపత్రికి ఫోన్ చేసింది. తేదీ రద్దు చేయమంది. మళ్ళీ ఎప్పటికి రాసుకోమంటారని అవతలివాళ్ళు అడిగారు కాబోలు, ఫోన్ చేత్తో మూసి తల్లి వైపు చూసింది. కండక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

తర్వాత ఆవిడ డ్రైవరమ్మ భుజం వదిలి, గోడ పట్టుకుని, పెట్టెలను తప్పించుకుంటూ భర్త దగ్గరికి వెళ్ళింది. ఆయన తలెత్తి చూడలేదు. దెబ్బ పడుతుందేమో అన్నట్టు ఇంకా ముడుచుకున్నాడు. ఆవిడ ఆయన తల మీద చెయ్యి వేసింది.

"వాళ్ళకీ వీళ్ళకీ చెప్పకపోతే పోనీ. పక్కనే పడుకునేదాన్ని. నాతో చెప్పుకోవచ్చు కదండీ?"

"నీకు నీ నొప్పే చాలదా" అన్నాడాయన, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ.

ఆవిడ చెయ్యి తీయలేదు. మోకాలు పోటు పెడుతున్నా అలాగే నిలబడి ఉంది.